పక్క మార్చుడు దందా

జూలై 3, గురువారం

ఇవాళ నా మెడకు ఇంకో గుదిబండ కట్టారు. మా నర్సింగ్ కాలేజీలో ‘ఆంట్రప్రెన్యూర్ సెల్’ పెడుతున్నారట, దానికి ఇన్‌ఛార్జిని నేనట. ఇరవై ఏళ్లు వార్డుల్లో నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బించుకున్నాను. ఆరేళ్లుగా ఈ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు వ్యాపారం చేసే బుద్ధి వాళ్లలో ఎంతుందో నేను కొలవాలి.

ఈ పని అప్పజెప్పింది ఛైర్మన్‌గారి పుత్రరత్నం అనురాగ్. సాక్సులు లేకుండా బూట్లేసుకునే మనిషి. మేనేజ్‌మెంట్ చదివి వచ్చి ఆరు నెలలు కాలేదు, ప్రిన్సిపాల్ కుర్చీకి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. “మేడమ్, మన స్టూడెంట్స్ జాబ్ మైండ్‌సెట్‌లనే ఉండిపోయిన్రు. ఫస్ట్ వాళ్ల ఆటిట్యూడ్ మెజర్ చేద్దాం” అన్నాడు. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరిగిందని ఊరికే అనలేదు. ముందు ఇనుప సామాన్ల దుకాణాలు, వెనక మూసీ కంపు, మధ్యలో మా మూడంతస్తుల కాలేజీ. అఫ్జల్‌గంజ్ సందులో కొలవాల్సినవి ఏవైనా ఉంటే అవి దోమలే.

ముప్పై వాక్యాల ఫారం ఇచ్చాడు. ఇంగ్లీషుది ఎవడో ఫోనులో వేసి తెలుగు చేశాడు. మూడో వాక్యం: ‘నాకు ప్రమాదాలంటే ఇష్టం.’ రిస్కు అన్న మాటకు పట్టిన గతి అది. నర్సు కావాల్సిన పిల్ల ప్రమాదాలను ఇష్టపడాలట! పైన మకుటం: ‘నర్సింగ్ విద్యార్థినులలో వ్యవస్థాపక దృక్పథం.’ నోరు తిరిగితే చాలు, అర్థం అక్కర్లేదు.

అయినా సరేనన్నాను. ఆగస్టులో వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అవుతోంది. దానికోసం కాదు. అప్పజెప్పిన పనిని కాదనడం నాకు చేతకాదు, అంతే.

అత్తయ్య వీపు చూశాను. పుండు పూర్తిగా మానింది, పైన గులాబీ రంగు కొత్త చర్మం. ఉగాది తర్వాత ఆవిడకు పక్షవాతం వచ్చి మాట, కుడి భాగం పోయినప్పుడు అందరూ ఇక ఇంతేనన్నారు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చితే పుండు ఎందుకుంటుంది? మా ఆయనకు ఒక్కసారి చెప్పాను, నేర్చుకున్నారు. పొద్దునా సాయంత్రం గుడిలో అర్చన, మధ్యలో తల్లి సేవ. నేను ఎనిమిదింటికి వెళ్తే మళ్లీ ఆరున్నరకు గానీ రాను కదా. ఇంట్లో నర్సుంటే బయటి ఆయాను ఎందుకు పెట్టుకుంటాం?

ఒక్కటే చిరాకు. ఆ పాల బుచ్చమ్మ మంచం పక్క గోడంతా సుద్దముక్కతో గీతలు గీసి పెట్టింది. పాల గీతలు వాకిట్లో తలుపు పక్కన గీసుకోవాలి గానీ, లోపలి గదిలోనా? పోనీ ఒక్క గీతైనా తిన్నగా ఉందా? ఒకటి ఇటు వాలి, ఒకటి అటు వాలి. తడిగుడ్డతో తుడవబోతే మా ఆయన “ఉండనీ వల్లీ, నెలాఖరుకు నేనే తుడుస్తా” అన్నారు. పాలు పోయడానికి వచ్చి అరగంట లోపలే ఉంటుంది ఆ మనిషి. అమ్మను పలకరిస్తుందట. అత్తయ్య మంచిగా ఉన్న రోజుల్లో పాలవాళ్లను గడప దాటనిచ్చేవారు కాదు. ఇప్పుడు కాదనడానికి ఆవిడకు నోరు లేదు.

జూలై 4, శుక్రవారం

నాలుగో సంవత్సరం క్లాసులో ఫారాలు పంచాను. నలభై ఒక్కమంది. స్వీటీ అని ముందు బెంచీలో ఒకతి ఉంది, ఊళ్లో ఏం జరిగినా దాని ఫోనులోకి వచ్చి పోవాల్సిందే. అది చెయ్యెత్తింది. “మేడమ్, వ్యవస్థాపక అంటే ఏంది?”

నాకు మాత్రం ఏం తెలుసు? ఒళ్లు మండింది. “దందా అనమ్మా, దందా! చదువుకుని సేవ చేస్తారా, దందా చేస్తారా అని అడుగుతున్నారు. రాయండి” అన్నాను.

వెనక బెంచీల్లో కిసకిసలు. కొంతమంది చున్నీ సర్దుకున్నారు. వీళ్లకు నవ్వడానికి కారణం కావాలా?

నలభై మంది ముప్పైకి ముప్పై ‘కాదు’ అని టిక్కు పెట్టారు. చూసి కళ్లు చెమర్చాయి. తిట్టుకుంటూ చెప్పినా నా పాఠం ఎక్కడో నాటింది. సేవాభావం ఇంకా చావలేదు.

నలభై ఒకటో ఫారం నందినిది. నల్లగా, పొడుగ్గా ఉంటుంది, మొదటి పీరియడ్‌కు రోజూ చెమటతో వస్తుంది. అన్నిటికీ ‘అవును’. ప్రమాదాలంటే ఇష్టమా అంటే కూడా ‘అవును’! కాగితం వెనక్కి తిప్పి ఇంకా ఏదో రాసింది. మొదటి రెండు లైన్లు: ‘మాది పాల దందా. నాది పక్క మార్చుడు దందా.’ తర్వాతిదాని మీద పైపైన కళ్లు పోనిచ్చాను, చదవబుద్ధి కాలేదు. రెండుకు ‘రొండు’ అని రాసే పిల్ల నాలుగో సంవత్సరం దాకా ఎట్లా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఇళ్లలోకి వెళ్లి పేషెంట్లను చూస్తుందట. ఇంకా రిజిస్ట్రేషన్ లేదు, చేతికి డిగ్రీ రాలేదు, అప్పుడే దుకాణం తెరిచింది. పాలవాళ్ల ఇంట్లో పుడితే పేషెంటు కూడా బర్రెలాగే కనిపిస్తాడు కాబోలు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!

జూలై 5, శనివారం

రిపోర్టు రాశాను. నా దస్తూరి చూసి ఎవరైనా ముచ్చటపడాల్సిందే. చివరి వాక్యం: ‘ఒక విద్యార్థిని మాత్రం తాను ఇళ్లలో దందా చేస్తున్నట్లు లిఖితపూర్వకంగా అంగీకరించినది. తగు చర్య తీసుకొనగలరు.’

‘దందా’ అన్న మాట కింద గీత గీశాను. తిన్నగా, స్కేలు పెట్టి.

జూలై 7, సోమవారం

రిపోర్టు చూసి అనురాగ్ మొహం వేలాడేశాడు. “హాఫ్ అయినా పాజిటివ్ వస్తదనుకున్న మేడమ్.” వాడి ఏడుపు వాడిది. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం కళ్లజోడు పైకి తోసి చివరి వాక్యం రెండుసార్లు చదివింది. “కోమలవల్లీ, ఇది నిజమేనా? ఇళ్లకు వెళ్లా?” అంది. ఆ పిల్ల చేతిరాతే ఉందన్నాను. ఆవిడ మొహం ఎందుకంత పాలిపోయిందో. విచారణ కమిటీ వేసింది: ఆవిడ, అనురాగ్, నేను.

బాధ్యతగా చేసిన పనికి గుర్తింపు ఆలస్యంగానైనా వస్తుంది.

జూలై 9, బుధవారం

నోటీసు బోర్డు మీద పెట్టారు. ‘నందిని, నాలుగవ సంవత్సరం: ఇళ్లలో దందా నిర్వహణపై విచారణ. నేరం రుజువైతే ఫైనల్ పరీక్షలకు అనుమతి నిరాకరించబడును.’ నా వాక్యమే, క్లర్కు కాస్త కోసి అతికించాడు. మధ్యాహ్నానికి బోర్డు ముందు జాతర.

జూలై 10, గురువారం

ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాలుగు మాటలు చెప్పి పంపేదాన్ని.

“మేడమ్, నేను కాయితం ఎన్కకు మొత్తం రాసిన గద. మీరు సదివిన్రా?”

“చదివాను.” (రెండు లైన్లు చదివాను. అది చదవడం కాదా?)

“మరి దందా అని బోర్డు మీద ఎందుకు పెట్టిన్రు?”

“ఆ మాట నువ్వే రాశావు.”

“మీరు చెప్పిన్రని రాసిన మేడమ్. ఫారంల ఉన్న మాట నాకు సమజ్ గాలే. మీరు దందా అన్నరు. మా ఇంట్ల గది తిట్టు గాదు. మా తాతల కాలం కాడికెళ్లి మాది పాల దందానే.”

ఎంత నిబ్బరం! కళ్లు దించకుండా మాట్లాడింది. నేను ఫైలు తెరిచి చూస్తున్నట్టు కూర్చున్నాను. తలుపు దాకా వెళ్లి, తిరిగి “అమ్మ ఇయ్యాల మంచిగున్నదా మేడమ్?” అంది. కాకా పట్టడం. మా ఇంట్లో ఎవరికి బాగాలేదో కూడా కూపీ లాగింది. బాగానే ఉందని చెప్పి పంపేశాను.

జూలై 11, శుక్రవారం

మొదటి విచారణ. ఏయే ఇళ్లకు వెళ్తున్నావో పేర్లు చెప్పమని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగింది. చెప్పలేదు. అనురాగ్ అడిగాడు, చెప్పలేదు. పేర్లు చెబితే ఆ ఇంటివాళ్లను అడిగి తేల్చేస్తాం, అంతటితో అయిపోతుంది, పరీక్షలు రాసుకోవచ్చని నేనే నచ్చజెప్పాను. నా మొహంలోకి చూసి అంది కదా:

“పేషెంటు ముచ్చట బయట చెప్పొద్దని మీరే నేర్పిన్రు మేడమ్.”

ఆహా. నా పాఠం నాకే అప్పజెబుతోంది. పొగరు. పేర్లుంటే కదా చెప్పడానికి. ఇరవై రెండున చివరి విచారణ, తల్లిదండ్రులను తీసుకుని రమ్మన్నారు.

బయటికి వస్తుంటే స్వీటీ పట్టుకుంది. “మేడమ్, నోటీసు ఫొటో మా బస్తీ గ్రూపులల్ల మొత్తం తిరుగుతున్నది. బార్కస్ దాకా పోయింది.” ఎవరు పెట్టారో నేను అడగలేదు, తను చెప్పలేదు. “మీకు ఎర్కలేదా మేడమ్? మా దిక్కు ఆడపిల్ల ఇండ్లల్ల దందా చేస్తదంటే వేరే మాట. చెడ్డ మాట. గందుకే మేమంతా కాదు అని కొట్టినం. లేకుంటే నాకు బ్యూటీ పార్లర్ పెట్టాలని మస్తు ఉన్నది.”

నాకు తెలియదు. నేను చెప్పిన దందా వేరు. పేపర్లో రాస్తారే, ఇసుక దందా, భూముల దందా, అట్లాంటిది. ఆ రెండో అర్థం నాకు నిజంగా తెలియదు. గుడి ఇంట్లో పుట్టినదాన్ని, గుడి ఇంట్లో మెట్టినదాన్ని, నాకెట్లా తెలుస్తుంది?

జూలై 12, శనివారం

పాలు రాలేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళా రాలేదు. బుచ్చమ్మకు ఏం కొవ్వెక్కిందో. బోనాలు దగ్గరపడుతున్నాయి, పని ఎగ్గొట్టడానికి ఇదొక సాకు. ప్యాకెట్ తీసుకురమ్మన్నాను.

“పాల సంగతి కాదు వల్లీ...” అన్నారు ఆయన.

“ఇంకేం సంగతి? పాలవాళ్లు పాలు పోయకపోతే ఇంకేం సంగతి ఉంటుంది?” అన్నాను. సంచీ తీసుకుని వెళ్లిపోయారు. ఈయనతో ఇదే. సగం మాట మింగేస్తారు, మిగతా సగం స్వామికి నివేదిస్తారు.

జూలై 16, బుధవారం

ఒంట్లో నలతగా ఉండి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. అయిదవుతుంటే అత్తయ్య తలుపు వైపే చూస్తున్నారు. ఎడమ చెయ్యి ఎత్తి “న్ని... న్ని...” అన్నారు. నీళ్లేమోనని చెంచాతో పట్టాను, ఉమ్మేశారు. ముసలితనం వస్తే మొండితనమూ వస్తుంది.

ఆయన నడుం పట్టేసిందని గోడకు ఆనుకుని కూర్చున్నారు. మూడు నెలలుగా లేని నడుం నొప్పి ఇప్పుడెందుకు వచ్చిందో.

జూలై 18, శుక్రవారం

పుండు తిరగబెట్టింది.

సాయంత్రం ఒళ్లు తుడుస్తుంటే చూశాను. నడుం కింద అరచెయ్యంత ఎరుపు, మధ్యలో తోలు లేచిపోయింది. ఇరవై ఏళ్లలో ఎన్ని వందలు చూశానో, మా ఇంటి మంచం మీద చూడటం వేరు. ఎత్తి మార్చలేదు, ఈడ్చి మార్చారు. ఈడిస్తే దుప్పటికి రాసుకుని తోలు చిట్లుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే ముక్క ఇది.

ఆయన మీద విరుచుకుపడ్డాను. పంచాంగం చూడటం తప్ప ఏ పనీ చేతకాదన్నాను. ఇంకా చాలా అన్నాను.

“ఒక్కడి వల్ల కావట్లేదు వల్లీ.”

“మరి ఇన్నాళ్లూ ఎట్లా అయింది?”

కండువా వేసుకుని గుడికి వెళ్లిపోయారు.

జూలై 20, ఆదివారం

వీధంతా బోనాలు. పొద్దుటి నుంచి డప్పులు, పోతరాజులు, మైకులు. కిటికీ మూసి అత్తయ్యకు కట్టు మార్చి, ఎల్లుండి విచారణకు కాగితాలు సర్దుకుందామని ఫైలు తీశాను. నందిని ఫారం చివరి దాకా చదివితే దాని తప్పులన్నీ ఒక్కచోట రాసి పెట్టుకోవచ్చని. అందుకే చదివాను.

అక్షరం మార్చకుండా ఇక్కడ రాసుకుంటున్నాను:

‘మాది పాల దందా. నాది పక్క మార్చుడు దందా. మా నాయినతోని పాలు పోయనీకి పోతే ఇండ్లల్ల మంచాన పడ్డోళ్లు కనవడ్తరు. మందులు ఉంటయి, పక్క మార్చెటోళ్లు ఉండరు. రొండు గంటలకోపారి మార్చకుంటె పుండు అయితదని ఫస్టియర్ల కోమలవల్లి మేడమ్ చెప్పింది. పాలోళ్లం ఎట్లయిన దినాం రొండు పూటల ఆ ఇండ్లకు పోతం. గందుకే మా అమ్మకు ఇంక నలుగురు పాలోళ్లకు నేర్పిన. సూదులు ఇయ్యం. మందులు ఇయ్యం. ఎత్తి పక్క మారుస్తం, వీపు తుడుస్తం, ఇంట్లోళ్లకు నేర్పుతం. మా అమ్మకు సదువు రాదు గందుకు గోడ మీద సుద్దతోని గీత. ఎడమ పక్కకు పండవెడితె గీత ఎడమకు వంగాలె. కుడికైతె కుడికి. ఎల్లకిల అయితె తిన్నగ. ఎన్క వచ్చినోళ్లు గీత జూసి రొండో దిక్కు మారుస్తరు. పదకొండు ఇండ్లు. యెవ్వరికి పుండు లేదు. ఒకామెకు ఉండె, మానింది.’

తల ఎత్తి గోడ చూశాను.

ఎడమకు వాలింది. తిన్నగా. కుడికి వాలింది. తిన్నగా. ఎడమకు. వరస తర్వాత వరస, ఉగాది నెల నుంచి. జూలై పదకొండు దాకా ఒక్క తప్పు లేదు. తర్వాత రెండు మూడు రోజులు ఆయన చేత్తో గీసినవి, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ తర్వాత ఖాళీ సున్నం.

ఆయన గుడి నుంచి వచ్చేదాకా ఆ గోడ ముందే కూర్చున్నాను. రాగానే అడిగాను.

“పొద్దున, మధ్యాహ్నం బుచ్చమ్మ. సాయంత్రం అయిదింటికి, నువ్వు ఇంట్లో లేని రోజుల్లో, వాళ్లమ్మాయి. మిగతావి నేను” అన్నారు. “ఇంట్లో నర్సుండగా బయటి మనిషి ఎందుకంటావని నీకు చెప్పొద్దన్నాను. మా మేడమ్‌కు తెలిస్తే బాధపడతదని ఆ అమ్మాయీ చెప్పనని ఒట్టేసింది.”

“అత్తయ్య ఊరుకున్నారా? పాలవాళ్లు ముట్టుకుంటే?”

“అమ్మకు ఆ అమ్మాయి చెయ్యి పడితేనే నిద్ర.”

న్ని, న్ని. నీళ్లు కాదు.

జూలై 21, సోమవారం

సెలవు. ఇంట్లోనే.

ఆలోచిస్తే నా తప్పేముంది? ఆ పిల్ల అనుమతి తీసుకోలేదు, అది తప్పే. నోటీసు రాసింది క్లర్కు. ఫొటో తీసింది ఆ స్వీటీయో ఎవరో. మా ఆయన దాచారు. రేపు పాత రిపోర్టే చదివి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. పేర్లు చెప్పనని ఆ పిల్లే అంది కదా. చెప్పదు. ఒట్టు వేసింది.

దందా అన్న మాటకు ఆ రెండో అర్థం నాకు తెలియదని రాశాను. తెలుసు. ఈ సందుల్లోనే పుట్టి పెరిగాను, ఎందుకు తెలియదు? గీత గీసినప్పుడు తెలుసు. స్కేలు పెట్టి మరీ గీశాను.

థూ.

జూలై 22, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నందిని తండ్రి ఈశ్వరయ్య, బుచ్చమ్మ వచ్చారు. ఆయన చలువ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. బుచ్చమ్మ నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది. ఎంతమంది ఎదురుగా ఎన్ని వందలసార్లు నేను అట్లా తల తిప్పుకున్నానో. కుర్చీలున్నా ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ కాగితం ముందే టైపు చేయించి పెట్టింది. ఫైనల్ పరీక్షకు అనుమతి లేదు. సంతకాలు పెట్టడమే తరువాయి. నాలుగేళ్ల చదువు ఒక కాగితంతో సరి.

ఈశ్వరయ్య అన్నాడు: “అయ్యా, దందా చేస్తం. దాపెడ్తలేం. బర్లను కడుగుతం, పాలు పిండుతం, అమ్ముతం. నా బిడ్డ మంచాన పడ్డోళ్లను కడిగింది. గిందుల సిగ్గేమున్నది? పదకొండు ఇండ్లల్ల ఆరు ఇండ్లోళ్లు మమ్ముల గడప తొక్కనిస్తలేరు. పాలు సుత వద్దంటున్నరు. మీరు ఏ దందా అనుకొని గా కాయితం రాసిన్రో ఒక్కసారి నోటితోని చెప్పున్రి. ఇని పోతం.”

అనురాగ్ ఫోను చూసుకున్నాడు. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను చూసింది. నందిని కిటికీ బయటికి చూస్తోంది. దానికి ఒక్క మాట చాలు, ఈ మేడమ్ ఇంట్లోనే చేశానని. చెప్పలేదు.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు, కాళ్లు లేచాయి.

“ఆ మాట నాది. ఫారంలో ఉన్న మాట అర్థం కాక అడిగితే వెటకారంగా చెప్పాను. అమ్మాయి రాసింది రెండు లైన్లు చదివి వదిలేశాను. తను వెళ్లిన ఇళ్లలో ఒకటి మాది. మా అత్తగారి పుండు మాన్పింది ఈ అమ్మాయి, ఈ బుచ్చమ్మ. వీళ్లు మానేసిన వారానికి మళ్లీ వచ్చింది. కావాలంటే వచ్చి చూడండి.”

ఏడ్చాననే అనుకున్నారేమో. ఏడ్చాను.

ప్రిన్సిపాల్ మేడమ్ కాగితం చించేసింది. చించుతూ నన్ను ఎట్లా చూసిందో అది నాకూ తనకూ తెలుసు. పరీక్షకు అనుమతి. ఇకమీదట ఇళ్లకు వెళ్లాలంటే ముందు రాసి ఇవ్వాలి. నోటీసు పీకేయించారు. గ్రూపుల్లో తిరిగే ఫొటోను ఎవరు పీకుతారు?

అనురాగ్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది. “మేడమ్, ఇది మోడల్! పాల రూట్ మీద కేర్! మంచి బ్రాండ్ నేమ్ పెడదాం, నేను పిచ్ చేస్త.” అయిదు నిమిషాల ముందు ఇదే మనిషి ఆ పిల్ల చదువు ఆపే కాగితం మీద సంతకానికి కలం మూత తీశాడు. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అంటారు, వీడు ఒడ్డున కూర్చునే రెండూ అనగలడు.

“పేరు ఉన్నది సార్” అంది నందిని. “పక్క మార్చుడు దందా.”

నా పక్కనుంచే తల్లిదండ్రులతో బయటికి నడిచింది.

జూలై 23, బుధవారం

వైస్ ప్రిన్సిపాల్ పోస్టుకు వేరే పేరు పంపారట. పంపనీ. నేనెప్పుడైనా అడిగానా?

జూలై 24, గురువారం

సాయంత్రం మాదన్నపేట వెళ్లాను. కూరగాయల మార్కెట్ వెనక వాళ్ల కొట్టం. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోబోయి ఆగాను. బుచ్చమ్మ బర్రెకు కుడితి పెడుతోంది. చెయ్యి ఆపలేదు.

“తప్పయింది బుచ్చమ్మా” అన్నాను.

“నా బిడ్డ మొఖం మీద బురద జల్లి, ఇప్పుడు కడగనీకి చెంబు పట్టుకొని వచ్చినవా అమ్మా? నలుగురు నాలుగు తీర్లు అంటుంటే పొల్ల అన్నం మానేసింది. నువ్వు పంతులు ఇంటి మనిషివి, సదువు చెప్పేదానివి. మంచాన పడ్డ అత్తను చూసుకుంట గూడ నీకు దయ రాలేదా?”

రాలేదు. అదే చెప్పాను. ఆమె కుడితి మొత్తం పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకునేదాకా అక్కడే నిలబడ్డాను. ఎప్పుడూ ఎవరి వాకిట్లోనూ అంతసేపు నిలబడలేదు.

చివరికి నా మొహం చూడకుండా అడిగింది. “అమ్మ వీపు ఎట్లున్నది?”

జూలై 26, శనివారం

నిన్న సాయంత్రం నందిని వచ్చింది. పాల క్యాను వాకిట్లో పెట్టి తిన్నగా లోపలికి వెళ్లింది. అత్తయ్య దాని చెయ్యి పట్టుకుని వదల్లేదు. “న్ని, న్ని” అంటూ ఒకటే ఏడుపు. ముప్పై ఏళ్లుగా నేను ఈ ఇంటి కోడల్ని, నా పేరు ఇంత ఇష్టంగా ఎప్పుడూ పిలవలేదు.

పుండు చూసి, కట్టు చూసి, నా వైపు తిరిగింది. క్లాసులో నేను తిరిగే తీరులోనే.

“మేడమ్, మీరు ఇంట్ల ఉన్నప్పుడు మీరే మార్చాలె. పొద్దుగాల ఆరింటిది, రాత్రి ఎనిమిదింటిది మీవి. సార్ ఒక్కడు ఈడుస్తడు, ఇద్దరు గలిసి ఎత్తున్రి. గీత పెట్టుడు మర్వకున్రి. మా అమ్మ గోడనే సూస్తది, మాట ఇనది.”

“సరే” అన్నాను. మా కాలేజీ విద్యార్థిని ఒకతి నాకు పని చెబితే సరే అన్న మొదటి రోజు అది. రెండును ఇప్పటికీ రొండు అనే రాస్తుంది, అది మాత్రం నేను క్షమించేది లేదు. పరీక్షలోపు సరిచేయిస్తాను.

ఇవాళ పొద్దున ఆరింటికి ఆయనా నేనూ కలిసి అత్తయ్యను ఎత్తి కుడి పక్కకు పడుకోబెట్టాం. సుద్దముక్క తీసుకుని గోడ మీద గీత గీశాను. నా దస్తూరికి తగ్గట్టుగా చక్కగా వచ్చింది.

ఏడింటికి బుచ్చమ్మ వచ్చి గోడ చూసింది, మంచం చూసింది. “ఇదేంది? అమ్మను ఎల్లకిల పండవెట్టినవా?”

“లేదు, చూడు, కుడి పక్కకే కదా.”

“మరి గీత గింత తిన్నగున్నదేంది? ఎన్క వచ్చినోళ్లు ఏమనుకోవాలె?” కొంగుతో నా గీత తుడిచేసి సుద్దముక్క మళ్లీ నా చేతిలో పెట్టింది. “వంకరగ గియ్యమ్మా.”

గీశాను. సరిపోలేదంది. మళ్లీ తుడిచింది. అత్తయ్య పడుకునే మమ్మల్ని చూస్తున్నారు. మూడోసారి గీసినదానికి బుచ్చమ్మ తల ఊపింది, నేను కాలేజీకి బయలుదేరాను.